బస్సుకి పదో మనిషి

నేను ఏ కాలేజీలో చదవాలన్నది నాకంటే ముందు మా ఊరు తేల్చేసింది. ఎంసెట్‌లో నాకు మంచి ర్యాంకు వచ్చిందన్న కబురు మధ్యాహ్నం తెలిసింది. సాయంత్రానికల్లా రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దలు నన్ను ఏలూరు అవతల హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో చేర్చేసి, తీరిగ్గా భోజనాలకి వెళ్ళిపోయారు. నాకు చెప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు పాలు పోసే ఆవిడ “మన బస్సెప్పుడొస్తదమ్మా?” అని నన్నే అడిగితే విషయం తెలిసింది.

బస్సు సంగతి చెప్పకుండా నా చదువు సంగతి చెప్పడం కుదరదు. పెదపాడు దాటాక కొల్లేటి వైపు, చేపల చెరువుల గట్ల మధ్యగా పోయే మట్టిరోడ్డు చివర ఉంటుంది మా ఊరు. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికే ఉండవు. ఒకప్పుడు ఎర్రబస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. రోడ్డు బాగోలేదని బస్సు ఆపేశారు. బస్సే తిరగని రోడ్డుకి మరమ్మతు దేనికని రోడ్డు బాగుచేయడం ఆపేశారు. రెండు నిర్ణయాలూ వాదనకి నిలబడేవే కాబట్టి మావాళ్ళు ఎవరితోనూ గొడవ పడలేదు. ఆ తర్వాత ఏలూరు వెళ్ళాలంటే చేపల వ్యానులో ఐసు పెట్టెల పక్కన నిలబడి వెళ్ళడమే. మేం ఏ పెళ్ళికి వెళ్ళినా మాకంటే ముందు మా వాసన పందిట్లోకి వెళ్ళేది.

మా ఊళ్ళో ఉమ్మడి పని ఏదొచ్చినా ‘ఇంటికో మనిషి’ అన్నది కట్టుబాటు. గట్టు తెగితే ఇంటికో మనిషి పార పట్టుకుని రావాలి. గుర్రపుడెక్క పేరుకుపోతే ఇంటికో మనిషి నీళ్ళలో దిగాలి. ఊరుమ్మడి చెరువు వేలం వేసే రోజున ఇంటికో మనిషి వచ్చి కూర్చోవాలి. రాని ఇల్లు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. పూర్వం టముకు వేసి చెప్పేవారట, ఇప్పుడు వాట్సాప్‌లో పెడుతున్నారు. టముకు ఒకసారి మోగి ఊరుకునేది. ఇప్పుడు ఊరిపెద్ద పెట్టిన మాట కింద ఊరంతా దణ్ణం బొమ్మలు పెట్టడం పూర్తయ్యేదాకా ఫోను మోగుతూనే ఉంటుంది.

మా నాన్న, బాబాయి వేరుపడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఊరి చెరువులో ఒకే వాటా. ఊరి లెక్కలో మాది ఒకే ఇల్లన్నమాట. ఇంట్లో ఆడపిల్లలం ఇద్దరం, నేనూ బాబాయి కూతురూ. నాకంటే కొన్ని నెలలు చిన్నది. అక్కా అని పిలవమని మా అమ్మ ఎంత మొత్తుకున్నా అది నన్ను ‘ఒసే’ అనే పిలిచేది. తాడేపల్లిగూడెంలో ఇంటర్ ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదివాం. ఆ హాస్టలు ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర కావడంతో రెండేళ్ళూ ఏ కష్టం లేకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. నాకు లెక్కలు చేయడం వచ్చేది. దానికి లెక్కలు చెప్పడం వచ్చేది. నేను చేసిన లెక్కే అది చెప్తే నాకు మళ్ళీ కొత్తగా అర్థమయ్యేది.

దానికి వచ్చిన ర్యాంకు చూసి మా పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. అది మాత్రం “ఫోన్ నంబరంత ఉందే! దీనికి రీఛార్జి చేయించుకుంటా” అని నవ్వింది. దాని ఆలోచన వేరు. ఏలూరు గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, అమ్మాయిల హాస్టల్లో మంచం, తర్వాత బీఈడీ, తర్వాత బడి. సాయంత్రాలు మా అరుగు మీద ఊళ్ళో పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించేది. “లెక్కలు ఒకటో తరగతి నుంచే పట్టించాలే. పదో తరగతికొచ్చేసరికి పిల్లలు భయం నేర్చేసుకుంటారు” అనేది. 

నాకు కావలసింది సివిల్ ఇంజనీరింగు. దానికి కారణం మా ఊరి మొదట్లో ఉన్న తూము. అది ప్రతి ఎండాకాలం కడతారు, ప్రతి వానాకాలం పోతుంది. కట్టేటప్పుడు జీపులో ఒక ఇంజనీరు గారు వస్తారు, గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చుంటారు, మా ఇంట్లో కొరమేను పులుసుతో భోంచేసి వెళ్తారు. మా ఇంట్లో పులుసు తిన్న ఇంజనీర్లందరూ నాకు గుర్తున్నారు. వాళ్ళు కట్టిన తూము ఒక్కటీ మిగల్లేదు. అది ఎందుకు పోతుందని చిన్నప్పుడు ఒకాయన్ని అడిగాను. “నీళ్ళు కదమ్మా, పోతాయి” అన్నాడు. ఆయన చదివిన చదువేదో నేనూ చదివి, ఆయనకంటే కాస్త ఎక్కువ తెలుసుకోవాలని అప్పుడే అనుకున్నాను. తాడేపల్లిగూడెంలో రైలెక్కితే ఒక పూట ప్రయాణంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. నా ర్యాంకుకి అక్కడ సివిల్‌లో సీటు వస్తుందని మా సారు చెప్పారు.

ఎండాకాలంలో మా ఊరికి టై కట్టుకుని వచ్చేవాళ్ళు రెండే రకాలు. చేపల మేత కంపెనీవాళ్ళూ, ఇంజనీరింగు కాలేజీలవాళ్ళూ. ఇద్దరి చేతుల్లోనూ నల్లసంచీ, సంచీలో రంగురంగుల కాగితాలు, చివర్న ఒక గోడగడియారం బహుమతి. అందుకే ఆ ఏడు ఒకాయన మా గుమ్మంలోకి వచ్చి “అభివృద్ధి గురించి మాట్లాడదామని వచ్చానండి” అనగానే మా నాన్న కుర్చీ వేసి, “కేజీ చేప ఎదగాలంటే మీది ఎన్ని కేజీలు వెయ్యాలండి?” అని అడిగాడు.

“మాది నాలుగేళ్ళండి” అన్నాడాయన.

“నాలుగేళ్ళా! అన్నాళ్ళు మేపితే చేప కాదండి, మేం పోతాం.”

పాపం, ఆయన ఎంటెక్ చదివిన లెక్చరరు. పాఠాలు చెప్పడానికి ఉద్యోగంలో చేరితే, సెలవుల్లో ఊళ్ళమ్మట పిల్లల్ని పట్టుకురమ్మని పంపారు. మజ్జిగ తాగి, చెమట తుడుచుకుని, కాగితం విప్పాడు. పచ్చిక మీద కూర్చుని నలుగురు పిల్లలు లాప్‌టాప్ వంక చూసి పగలబడి నవ్వుతున్న ఫోటో ఉంది దాని మీద. తర్వాత నేను నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివాను. లాప్‌టాప్ చూసి అలా నవ్వినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. లోపల కోర్సుల జాబితా. అన్నీ కంప్యూటర్ సైన్సే, బ్రాకెట్లో మాత్రం ఒక్కోదానికి ఒక్కో పేరు. మా చెల్లెలు అది చదివి “కూర ఒకటేనే, పోపులు మారుస్తున్నారు” అని నా చెవిలో ఊదింది.

ఆయన లేచి వెళ్ళబోతూ అన్నాడు: “మీ ఊరి నుంచి పదిమంది చేరితే మా కాలేజీ బస్సు మీ రామాలయం దాకా వస్తదండి. రోడ్డు మీద కంకర కూడా మేమే పోయిస్తామండి. ఖాళీ ఉంటే ఊళ్ళోవాళ్ళు ఎక్కినా మేమేం అనుకోమండి.”

అప్పటిదాకా మా అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చున్న ఊరిపెద్ద చుట్ట పారేశాడు. చదువు మీద మా ఊళ్ళో అంత భక్తి నేను మునుపెన్నడూ చూడలేదు.

ఇక ‘ఇంటికో మనిషి’ మొదలైంది. ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇల్లూ బస్సుకి ఒక మనిషిని ఇవ్వాలి. ఇంటర్ అయ్యి చేపల లారీ మీద కలకత్తా తిరుగుతున్న ఒకబ్బాయిని లారీ దింపి ఇంజనీరింగు ఎక్కించారు. ఏలూరులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న ఇంకొకడి చేత కొట్టు మూయించారు. కవలలున్న ఇంటివాళ్ళు ఒకణ్ణి ఇచ్చి ఒకణ్ణి చెరువు మీద కాపలాకి ఉంచుకున్నారు. ఇద్దరిలో ఎవరు కాలేజీకి వెళ్తారన్నది రోజూ పొద్దున తేల్చుకుంటామన్నారట. అలా తొమ్మిదిళ్ళు తేలాయి. పదో ఇల్లు మాది. మా ఇంటి మనిషిని నేను. ర్యాంకున్నదాన్ని ఉండగా ఇంకొకరి మాటెందుకని నా పేరే రాసేసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, అప్పుడే ఊళ్ళో బస్సు ఎక్కడ మళ్ళాలి, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలి అని తగువులు కూడా మొదలయ్యాయి.

మా ఊరివాళ్ళకి కాలేజీ చూపించడానికి వాళ్ళే ఒక రోజు బస్సు పంపించారు. పదిమంది పిల్లల కోసం వచ్చిన బస్సులో యాభైమంది ఎక్కారు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకున్నారు. గేటు దగ్గర పన్నీరు చల్లి, బాదంపాలు ఇచ్చారు. ఏసీ హాల్లో కూర్చోబెట్టి సినిమా వేశారు. డ్రోను మీంచి తీసిన సినిమా అది. అందులో కాలేజీ అంతా పైనుంచే కనపడింది. “మనం కిందే కదండీ చదువుకునేది?” అని మా చెల్లెలు అడిగితే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కంప్యూటర్ల గదిలో యంత్రాలకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. మా పిన్ని ఒకదాని మీద చెయ్యి వేయబోతే “ముట్టుకోకండమ్మా” అన్నారు. ఊరిపెద్ద ఇవేవీ చూడలేదు. ఫౌంటెన్ తొట్టిలో రంగుచేపలు నోళ్ళు పైకెత్తి తిరగడం చూసి ఆయన అక్కడే ఆగిపోయాడు. “వీటికి గాలి చాలట్లేదండి, చచ్చిపోతాయ్” అని ప్రిన్సిపాలు గారితో చెప్పాడు. ఆయన చాలా మర్యాదగా సలహాల పుస్తకంలో రాసుకున్నాడు.

మా నాన్న మాత్రం నాకోసం ఒక మాట అడిగాడు. “ఏవండీ, మరి సివిలెక్కడండి?”

“డిమాండు లేదండి, తీసేశాం” అని ఒక గది తలుపు తీసి చూపించారు. అందులో ఇప్పుడు వ్యాయామశాల ఉంది. సిమెంటు దిమ్మెల్ని నలగ్గొట్టి బలం చూసే యంత్రం ఒక మూలకి నెట్టేసి ఉంది. దాని మీద తువాళ్ళు ఆరేశారు.

భోజనంలో రెండు స్వీట్లు పెట్టారు. తిరుగు ప్రయాణంలో ఊరు ఊరంతా ఆ కాలేజీ చదువు చాలా బాగుందని ఒప్పేసుకుంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారుగా. ఆ ఉలిపికట్టెని నేను. నేను గవర్నమెంటు యూనివర్సిటీకి వెళ్తానంటున్నానని తెలిసినప్పటి నుంచీ మా ఇంటికి జనం రాక మొదలైంది. పాలావిడకి పాలకేంద్రం దాకా క్యాన్లు మోసే బాధ తప్పుతుందట. క్షౌరశాల ఆయనకి ఏలూరు నుంచి కొత్త కుర్చీ తెచ్చుకోవాలట. ఒకాయన చెరువు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపాలట. కుర్రాళ్ళకి మొదటాట సినిమా కావాలట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా సీటు మీద అందరూ తలోరకం పుణ్యం చేసుకుంటున్నారు. పెదవేగిలో పామాయిల్ తోటలున్న మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన పనిగట్టుకుని వచ్చి, “చూడమ్మా, గెల కోశాక ఆలస్యం లేకుండా ఫ్యాక్టరీకి చేరాలి. అందుకే మేం తోట వేసేటప్పుడే ఫ్యాక్టరీ ఎంత దూరమో చూసుకుంటాం. ఆడపిల్ల చదువూ అంతే” అన్నారు. నన్ను ఫ్యాక్టరీలో ఎప్పుడు పిండుతారో మాత్రం ఆయన చెప్పలేదు. మా నాన్న ఎవరొచ్చినా “ఊరి మాటే నా మాటండి” అనేవాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట అదొక్కటే. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టే గడువు దగ్గరపడింది. ఆదివారం పొద్దున రామాలయం దగ్గర కూర్చుంటున్నామని వాట్సాప్‌లో పెట్టారు. నన్ను కూడా తీసుకురమ్మన్నారు. ఆడపిల్లని అలా పిలవడం అంతకుముందు లేదు. ర్యాంకు వల్ల దక్కిన గౌరవమట.

ముందురోజు మధ్యాహ్నం మా చెల్లెలు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. బాబాయి తువ్వాలు నెత్తిన చుట్టుకుని, ఊరిపెద్దలా ఖళ్ళుఖళ్ళున దగ్గి, పెరటి అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “ఏమ్మా, చేరతావా?”

“నేను చేరనండి” అన్నాను.

“చచ్చావ్ పో. వద్దంటే కట్టుబాటు దాటినట్టే. తప్పు వేస్తారు. వద్దనకే, లేదను. ‘నాక్కావాల్సింది వాళ్ళ దగ్గర లేదండి’ అను. వీళ్ళంతా పొద్దున లేస్తే బేరాలు చేసేవాళ్ళు. సరుకు లేదంటే వాళ్ళకి టక్కున అర్థమవుద్ది. నీకు ఇష్టం లేదంటే ఎవరికే అర్థమయ్యేది?”

ఆ మాట నా చేత పదేపదే అనిపించింది. మాట తడబడినప్పుడల్లా ఎక్కం తప్పిన పిల్లని చూసినట్టు చూసి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది.

ఆదివారం ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద ఏటా చెరువు వేలం వేసే మనిషి. జనాన్ని చూడగానే ఆయనకి అదే పద్ధతి వచ్చేస్తుంది. “అమ్మా, ఊరంతా కలిసి నిన్ను అడుగుతున్నాం. ఆ కాలేజీలో చేరతావా? ఒకటోసారి.”

నాకు భయమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “నాకు సివిల్ కావాలండి. వాళ్ళ దగ్గర సివిల్ లేదండి.”

“రెండోసారి అడుగుతున్నానమ్మా. బాగా ఆలోచించుకో.”

“ఆలోచించానండి. వాళ్ళ దగ్గర లేదండి.”

జనంలో గుసగుస పుట్టింది. లేదంటే ఏమిటి, అంత పెద్ద కాలేజీలో లేకపోవడమేమిటి అన్నారు. అక్కడికక్కడే టై ఆయనకి ఫోను కలిపి అందరికీ వినపడేలా పెట్టారు.

“సివిలైతే లేదండి” అన్నాడాయన. “కానీ కంప్యూటర్ సైన్సులో ఏ బ్రాకెట్ కావాలన్నా ఇప్పిస్తామండి.”

“బ్రాకెటంటే ఏంటండి?”

“అంటే... పేరు పక్కన ఇంకో పేరుంటదండి.”

“దానికి రేటు వేరా?”

“లేదండీ, అంతా ఒకటేనండి.”

ఊరిపెద్ద ఫోను పెట్టేసి గడ్డం గోక్కున్నాడు. “కొరమేను కోసం వచ్చినోడికి బొచ్చె చేప తూస్తానంటే అదేం బేరం రా?” అన్నాడు చివరికి. అక్కడున్న అందరూ ఏదో ఒక రోజు అలా మోసపోయినవాళ్ళే కావడంతో తలలూపారు.

అప్పుడు మా నాన్న లేచాడు. ఊరి మాటే నా మాట అంటాడని నేను కళ్ళు మూసుకున్నాను. “అడిగింది ఇవ్వలేని ఇంటికి పిల్లనెలా పంపుతామండి?” అన్నాడు మా నాన్న. నాకు ఏడుపొచ్చింది.

మూడోసారి అడగలేదు. “సరుకు లేనప్పుడు పిల్లది తప్పేముంది? వెళ్ళమ్మా, కావాల్సింది చదువుకో” అన్నాడు ఊరిపెద్ద. వెనక నుంచి ఎవరో “మరి ఆ ఇంటి మనిషి లెక్కో?” అన్నారు. “అది వాళ్ళే చూసుకుంటార్లే” అన్నాడాయన. నేను అప్పటికే మెట్లు దిగి ఇంటికి పరిగెడుతున్నాను. గుమ్మంలో నిలబడి ఉన్న మా చెల్లెలు నా మొహం చూసి, ఏం అడక్కుండానే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

అనుకున్నట్టే సీటొచ్చింది. చేరడానికి నేనూ నాన్నా వెళ్ళాం. యూనివర్సిటీ గేటు దగ్గర పన్నీరు చల్లేవాళ్ళు కాదు కదా, ఎటు వెళ్ళాలో చెప్పేవాళ్ళు కూడా లేరు. ఆఫీసు భవనం సన్‌షేడు మీద రావిమొక్క ఒకటి నిక్షేపంగా పెరుగుతోంది. కిటికీ లోపల గుమస్తా గారు మమ్మల్ని చూసి, మేం వచ్చినందుకు బాధపడ్డారు. “సర్వర్ లేదు” అన్నారు. సర్వర్ వచ్చాక ఆయన భోజనానికి వెళ్ళారు. ఆయన వచ్చాక జిరాక్సులు ఇంకో సెట్టు కావాలన్నారు. జిరాక్సు కొట్టు కట్టేసి ఉంది. చివరికి రేపు రమ్మన్నారు. ఆ రాత్రి లాడ్జీలో పడుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాం.

మంచినీళ్ళ కుండ దగ్గర గ్లాసుకి గొలుసు కట్టి ఉండడం చూసి మా నాన్నకి బెంగ పుట్టింది. “అక్కడ బాదంపాలు ఇచ్చారమ్మా. ఇక్కడ మనం దొంగల్లా ఉన్నాం.”

“అక్కడ మనం వాళ్ళకి కావాలి నాన్నా. ఇక్కడ ఇది మనకి కావాలి” అన్నాను. తెలివైన మాట అన్నానని నాకు నేనే మురిసిపోయాను. నాన్నకి మాత్రం ఏం నచ్చినట్టు లేదు.

సంతకాలయ్యాక వరండాలో నడుస్తుంటే ఒక పొడుగాటి పాకలోంచి టప్పుమని చప్పుడొచ్చింది. తొంగి చూశాం. కొందరు పిల్లలు సిమెంటు దిమ్మెని యంత్రంలో పెట్టి నలగ్గొడుతున్నారు. దిమ్మె పగిలింది. పగలగానే అందరూ దాని చుట్టూ చేరి, ఎక్కడ బీటవేసింది, ఎటు విరిగింది అని పోట్లాడుకుంటూ రాసుకోవడం మొదలుపెట్టారు. కట్టింది పోయాక అక్కడి నుంచి జీపెక్కి వెళ్ళిపోనివాళ్ళని నేను చూడడం అదే మొదటిసారి. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఇంటికెళ్ళగానే ఇదంతా మా చెల్లెలికి చెప్పాలనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అరుగు మీద ఎక్కాలు చెప్పేవాళ్ళు లేరు. దర్జీ కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నీలంరంగు యూనిఫారం గుడ్డ, మెడ చుట్టూ టేపు. మా చెల్లెలు చేతులు చాపి నిలబడి ఉంది.

మేం లేనప్పుడు టై ఆయన ఫోను చేశాడట. తొమ్మిదిమందే ఉన్నారు, పదో మనిషి లేకపోతే సోమవారం బస్సు రాదన్నాడట. ఊరిపెద్ద మా బాబాయికి కబురు పెట్టాడు, మీ ఇంటి మనిషి ఇంకా రావాలి కదరా అని. బాబాయి అన్నం తింటున్నాడు. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా “మా పిల్ల ఉందిగా” అన్నాడట. అంతే, తేలిపోయింది. రామాలయం దగ్గర ఎవరూ కూర్చోలేదు, వాట్సాప్‌లో ఏం పెట్టలేదు. మా పిన్ని మహా సంబరంగా ఉంది. ఫోన్ నంబరంత ర్యాంకుకి ఇంజనీరింగు సీటు, పైగా గుమ్మంలోకి బస్సు. “డిగ్రీ చదివితే ఎవడు చూస్తాడమ్మా? అదృష్టం దానంతటది వచ్చింది” అంది నాతో.

నేను బాబాయి మీద అరిచాను. అంతకుముందెప్పుడూ అరవలేదు. బాబాయికి నిజంగా ఏమీ అర్థం కాలేదు. తన కూతురికి మేలు చేస్తుంటే నేనెందుకు గింజుకుంటున్నానని మా అమ్మని అడిగాడు. నాన్న వైపు చూశాను. “ఊరుకోమ్మా, ఊరి మాట కదా” అన్నాడు. రామాలయం దగ్గర నాకోసం లేచిన మనిషి ఇంట్లో దాని కోసం లేవలేదు. ఆ రోజు నాన్న మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఊరిపెద్ద దగ్గరికే వెళ్ళాను. “దానికి ఆ కాలేజీ వద్దండి. డిగ్రీ కావాలండి. దాన్ని ఒక్క మాటైనా ఎవరూ అడగలేదండి” అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాడు. నన్ను కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, చాలా నెమ్మదిగా చెప్పాడు. “నీకైతే ర్యాంకుంది, అడిగాం. దానికి ఏముందని అడుగుతామమ్మా?”

సోమవారం బస్సు వచ్చింది. కొత్త కంకర మీద పసుప్పచ్చటి బస్సు ఊగుతూ వస్తుంటే పిల్లలు ఎదురు పరిగెత్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, అద్దానికి కనకాంబరాల దండ వేశారు. ముందు సీట్లో ఊరిపెద్ద కూర్చున్నాడు. పాల క్యాన్లు ఎక్కాయి, చెరువు నీళ్ళ సీసా ఎక్కింది, పట్టుచీరలు ఎక్కాయి. చదువుకునేవాళ్ళు చివరికి ఎక్కారు. మా చెల్లెలు కొత్త యూనిఫారంలో వెనక కిటికీ పక్కన కూర్చుంది. అరుగు మీద దాని దగ్గర ఎక్కాలు నేర్చుకునే పిల్లలంతా కిటికీ కింద చేరి చేతులూపుతుంటే అదీ నవ్వుతూ ఊపింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా గెలుపుకి మాట అందించింది అది. నేను ఖాళీ చేసిన చోట దాన్ని కూర్చోబెట్టారు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. మా చెల్లెలు కిటికీలోంచి కాస్త ముందుకి వంగింది. కోపంగా ఉందేమోనని దాని మొహంలోకి చూశాను. కోపం లేదు. లెక్క అర్థంకాని పిల్లలు దాన్ని అడిగేటప్పుడు ఎలా చూసేవారో, అలా చూసింది నా వంక.

“ఒసే, ఊరంతా కూర్చుని అడిగారు కదే నిన్ను,” అంది. “అలా అడుగుతుంటే ఎలా ఉంటదే?”